గోలీ సోడా, గోలీ సీసా: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత సోడా సీసాలు పోగుచేయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి చుట్టాలు, స్నేహితులు, వాళ్ళ పిల్లలు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మామూలుగా ఏ పానీయం గురించి రాసినా రుచితో మొదలుపెడతారు. గోలీ సోడా కథ మాత్రం సీసాతోనే మొదలవ్వాలి. ఆ సీసా కొట్టుకి తిరిగి రావాల్సిందే. అందుకే అది ఏ ఊరికా ఊరి సోడా అయింది.

గోలీ సోడా అంటే ఏమిటి? ఎప్పుడూ చూడని పిల్లలకి ఎలా చెప్పాలి?

మందపాటి గాజు సీసా, చాలావరకు లేత ఆకుపచ్చ రంగులో ఉంటుంది. మెడ కింద రెండు వేళ్ళతో నొక్కినట్టు లోపలికి పోయి ఉంటుంది. ఆ నొక్కులకు పైనున్న చిన్న గదిలో ఒక గాజు గోలీ దొర్లుతూ ఉంటుంది. నిండు సీసాలో అయితే ఆ గోలీ మూతి దగ్గర రబ్బరు వాషర్‌కి గట్టిగా అతుక్కుని ఉంటుంది. దాన్ని పట్టుకుని ఉంచేది లోపలున్న గ్యాసే. వేరే మూత లేదు.

సోడా కొట్టేవాళ్ళు గోలీని వేలితోనో, చెక్క బిరడాతోనో లోపలికి నొక్కుతారు. 'కీయ్'మని గ్యాస్ బయటికి వస్తుంది, గోలీ టక్కున కింద పడుతుంది. ఈ రెండు చప్పుళ్ళూ ఒకసారి వింటే మళ్ళీ మర్చిపోలేం. ఢిల్లీలో దీన్ని బంటా అంటారు. పంజాబీలో బంటా అంటే గోలీయే.

పేరులో ఉన్న సోడా వంటసోడాయేనా?

మొదట్లో సోడియం ఉప్పులు కలిపి తయారుచేసేవారు, ఆ పేరు అలా నిలిచిపోయింది. మన బండి మీద దొరికే సాదా సోడాలో సాధారణంగా నీళ్ళు, కార్బన్ డయాక్సైడ్ తప్ప ఇంకేమీ ఉండవు. గ్యాస్ నీటిలో కరిగినప్పుడు కొద్దిగా కార్బోనిక్ ఆమ్లం తయారవుతుంది. నాలుక మీద ఆ చురుకు దానివల్లే.

నీళ్ళలో గ్యాస్ కలపాలనే ఆలోచన ఎవరిది?

ఊటల దగ్గర సహజంగా బుడగలొచ్చే నీళ్ళు మనుషులకి ఎప్పటినుంచో తెలుసు. దాన్ని చేత్తో తయారుచేసి చూపించినవాడు జోసెఫ్ ప్రీస్ట్‌లీ. 1767లో ఇంగ్లండులోని లీడ్స్‌లో ఆయన ఇంటి పక్కనే ఒక బీరు కార్ఖానా ఉండేది. అక్కడ పులుస్తున్న తొట్ల మీద తేలే గ్యాస్‌ని నీళ్ళలోకి ఎక్కించి చూశాడు. ఆ పద్ధతిని 1772లో చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. దాన్ని వ్యాపారం చేసినవాడు యాకోబ్ ష్వెప్. 1783లో జెనీవాలో మొదలుపెట్టి, 1792లో లండన్ చేరాడు.

మరి గోలీ ఎందుకు పెట్టారు? బిరడా సరిపోదా?

సరిపోకపోవడం వల్లే ఇంత కథ నడిచింది. గ్యాస్ నీళ్ళు తయారుచేయడం కంటే వాటిని సీసాలో నిలబెట్టడం కష్టం. లోపల ఒత్తిడి బయటి గాలి కంటే మూడు నాలుగు రెట్లు ఉంటుంది. బెండు బిరడా పెడితే తన్నుకుని లేచిపోయేది. తీగతో కట్టినా, బిరడా ఎండి కుంచించుకుపోతే గ్యాస్ మెల్లగా జారిపోయేది. కొనుక్కున్నవాడికి చప్పటి నీళ్ళు మిగిలేవి.

దీనికి మొదట ఒక చిత్రమైన పరిష్కారం వచ్చింది. సీసాని నిలబెట్టడానికే వీల్లేకుండా చేశారు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో విలియం హామిల్టన్ తీసుకున్న పేటెంటులో ఉన్న సీసా అడుగు కోడిగుడ్డులా గుండ్రంగా ఉంటుంది. పక్కకు పడుకోబెట్టక తప్పదు. పడుకుని ఉంటే బిరడాకి నీళ్ళు తగులుతూ అది తడిగా, ఉబ్బి ఉంటుంది. అప్పుడు గ్యాస్ పోదు. మనిషి చేత బలవంతంగా మంచి అలవాటు చేయించే ఆ తెలివి నాకు చాలా ఇష్టం.

తర్వాత హైరమ్ కాడ్ వచ్చాడు. 1838లో ఇంగ్లండులోని బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో పుట్టాడు. గ్యాస్ బిరడాని తోసేస్తోంది కదా, ఆ తోపునే మూతగా వాడుకుంటే ఎలా ఉంటుందనేది ఆయన ఆలోచన. మూత లోపల ఉంటే గ్యాస్ ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా బిగుసుకుంటుంది. 1870ల మొదట్లో ఈ సీసాకి పేటెంట్లు తీసుకున్నాడు. వాటిలో పేరుపడ్డది 1872 నాటిది. గాజు పరిశ్రమకి పేరున్న బార్న్‌స్లీలో బెన్ రైలాండ్స్‌తో కలిసి సీసాలు చేయించాడు. వేరే కార్ఖానాలు కూడా ఈ సీసాలు చేసుకోవచ్చన్నాడు. కానీ గోలీలు, రబ్బరు వాషర్లు, మూతిలో గాడి కోసే పనిముట్టు మాత్రం తన దగ్గరే కొనాలన్నాడు. 1887లో చనిపోయేటప్పటికే ఆ సీసా సముద్రాలు దాటింది.

ఇంత ఇరుకు మూతిలోంచి గోలీ లోపలికి ఎలా వెళ్ళింది?

పిల్లలు మొట్టమొదట అడిగేది ఇదే. నేను కూడా మా ఊళ్ళో సోడా కొట్టు తాతని ఇదే అడిగాను. ఆయన "సీసా పుట్టకముందే గోలీ ఉంది బాబూ" అన్నాడు. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. దాదాపు నిజమే చెప్పాడని చాలా ఏళ్ళకి తెలిసింది.

సీసా ఒంటిని ముందు అచ్చులో ఊదుతారు. అప్పటికి మూతి ఇంకా పూర్తికాదు, వెడల్పుగానే ఉంటుంది. గోలీని లోపల వేస్తారు. ఆ తర్వాత మూతిని మళ్ళీ వేడిచేసి, పనిముట్టుతో ఇరుకు చేసి, లోపలివైపు వాషర్ కూర్చునే గాడి తీస్తారు. గోలీ బయటికి రావాలంటే ఇక సీసా పగలాల్సిందే. ఇంగ్లండు పిల్లలు గోలీల కోసం సీసాలు పగలగొట్టేసేవారు. అక్కడ పాత కాడ్ సీసాలు తక్కువగా మిగలడానికి అదొక పెద్ద కారణం. మన పిల్లలేమీ తక్కువ తినలేదు.

ఆ నొక్కులు అందం కోసమా?

కాదు, వాటి పని వాటికుంది. గోలీని లోపలికి నొక్కాక అది సీసా అడుక్కి పోకుండా ఆపేది మెడ కింది ఇరుకు. తాగడానికి సీసా వంచితే గోలీ దొర్లుకుంటూ వచ్చి మళ్ళీ మూతికి అడ్డం పడాలి. అలా పడకుండా దాన్ని పట్టి ఉంచేవి పక్క నొక్కులు. అందుకే సీసాని ఎటుపడితే అటు వంచకూడదు. నొక్కులున్న వైపు కిందికి ఉండేలా పట్టుకుంటే గోలీ ఆ గూట్లో ఆగుతుంది, సోడా ధారగా వస్తుంది. తిరగేసి పట్టుకుంటే గోలీ మూతికి అడ్డుపడి, సోడా చుక్కలు చుక్కలుగా పడుతుంది. కొత్తగా తాగేవాళ్ళని ఇక్కడే గుర్తుపట్టేయొచ్చు.

సోడా మిషన్ని గిరగిరా తిప్పుతారెందుకు?

నీళ్ళ మీదికి గ్యాస్ వదిలితే పైపైన ఉండిపోతుంది, కలవదు. కలవాలంటే బాగా కుదపాలి. నీళ్ళు పోసిన సీసాల్ని మిషన్‌లో బిగించి, సిలిండర్ నుంచి గ్యాస్ వదిలి, చేత్తో హ్యాండిల్ తిప్పుతారు. సీసాలు తలకిందులవుతూ మళ్ళీ నిలబడుతూ తిరుగుతాయి. ఆ కుదుపుకి గ్యాస్ నీళ్ళలోకి ఎక్కుతుంది. చివర్లో సీసా తలకిందులుగా ఆగినప్పుడు గోలీ తన బరువుతోనే వాషర్ మీదికి జారి కూర్చుంటుంది. సీసాని మిషన్ నుంచి తీయగానే లోపలి ఒత్తిడి దాన్ని అదిమేస్తుంది. వేరే సీలు వేసే పని లేదు. నింపడం, మూయడం రెండూ ఒకే తిప్పుడులో అయిపోతాయి.

నీళ్ళు చల్లగా ఉండటం ముఖ్యం. మామూలు గాలి ఒత్తిడిలో 0 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 1.7 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర అది సుమారు 0.66 లీటర్లే. మన ఎండాకాలంలో కుండ నీళ్ళో, ఐసు నీళ్ళో పోసి సోడా కొట్టే కొట్టుకి 'సోడా గట్టిగా ఉంటుంది' అని పేరు రావడానికి కారణం ఈ లెక్కే. దీన్ని వాళ్ళు పుస్తకంలో చదివి నేర్చుకోలేదు.

సీసా పేలే ప్రమాదం ఎప్పుడూ ఉండేది. పాతబడి పగుళ్ళిచ్చిన సీసాకి ఎక్కువ గ్యాస్ పడితే మిషన్‌లోనే బద్దలవుతుంది. అందుకే తిరిగే సీసాల చుట్టూ రేకు కప్పో, జాలీనో ఉంటుంది. ఈ పనిలో వేళ్ళకీ ముఖానికీ గాజు గాయాలైనవాళ్ళున్నారు. గోలీ సోడాని తలుచుకుని మురిసిపోయేటప్పుడు వాళ్ళని కూడా గుర్తుపెట్టుకోవాలి.

సోడా మన దేశానికి ఎలా వచ్చింది?

తెల్లదొరల విస్కీ వెంట వచ్చింది. మొదట సీసాల్లో నిండుగా ఓడల మీద దిగేది. సోడా నీళ్ళని జనం 'విలాయతీ పానీ' అనేవారని 1886లో అచ్చయిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో ఉంది. నీళ్ళని కూడా ఓడలో మోసుకురావడం ఎంత ఖర్చో ఊహించుకోండి. మిషన్లు రాగానే ఇక్కడి నీళ్ళతోనే తయారీ మొదలైంది. దండు దిగిన ఊళ్ళో, ఓడరేవులో, రైలు జంక్షన్లో సోడాకి గిరాకీ ఉండేది. దొరల నోటి నుంచి అది గుమాస్తాలకీ, వాళ్ళ నుంచి బజారుకీ చేరింది.

బజారుకి చేరాక దాని స్వభావమే మారిపోయింది. దొర దాన్ని విస్కీలో కలుపుకున్నాడు. మనం అందులో నిమ్మకాయ పిండి, ఉప్పు వేశాం.

ఇంగ్లండులో ఈ సీసా పోయింది కదా, మన దగ్గర ఇన్నేళ్ళు ఎలా బతికింది?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. కొంచెం ఓపిగ్గా చదవండి.

1892లో అమెరికాలోని బాల్టిమోర్‌లో విలియం పెయింటర్ రేకు మూతకి పేటెంటు పొందాడు. ఇప్పుడు మనం ఓపెనర్‌తో తీసే, అంచు మడతలున్న మూత అదే. చవక, శుభ్రం, మిషన్ల మీద వేగంగా బిగించవచ్చు. పెద్ద ఫ్యాక్టరీలకి అదే కలిసొచ్చింది. 1930ల నాటికి ఇంగ్లండులో కాడ్ సీసా దాదాపు మూలపడింది.

రేకు మూత లాభం పెద్దవాడికి. వాడు సీసాని వంద మైళ్ళు పంపగలడు. ఒక గదిలో ఒక మిషన్ పెట్టుకుని, బయట 'సోడా ఫ్యాక్టరీ' అని బోర్డు కట్టుకున్న మనిషికి లెక్క వేరు. రేకు మూత ఒకసారి తీస్తే పోయినట్టే, మళ్ళీ కొనాలి. మూత బిగించడానికి ఇంకో మిషన్ కావాలి. గోలీ సీసాకైతే మూత దానితోనే ఉంది. అప్పుడప్పుడు వాషర్ మార్చుకుంటే చాలు, ఏళ్ళ తరబడి తిరుగుతుంది. కరెంటు లేని ఊళ్ళో కూడా చేతి మిషన్ నడుస్తుంది. పెట్టుబడి అంతా సీసాల్లోనే ఉంది.

సోడా కంటే సీసా ఖరీదు ఎక్కువ కాబట్టి కొట్టువాడు దాన్ని కళ్ళముందు నుంచి పోనివ్వడు. అక్కడే నిలబడి తాగి సీసా ఇచ్చెయ్యాలి. ఇంటికి తీసుకెళ్తే డిపాజిట్ కట్టాలి, లేకపోతే కొట్టువాడికి మీ నాన్న ఎవరో తెలిసి ఉండాలి. ఖాళీ సీసాలు సైకిల్ మీదో, రిక్షాలోనో, ఎడ్లబండి మీదో సాయంత్రానికి వెనక్కి రాగలిగినంత దూరమే ఆ సోడా రాజ్యం. దాని అవతల ఇంకో సోడా కొట్టు ఉంటుంది. అందువల్ల ఏ ఊరి సోడా ఆ ఊరి నీళ్ళ రుచే. పక్క ఊరికి పెళ్ళికెళ్ళి "మీ ఊరి సోడా గట్టిగా లేదు" అని పోట్లాడుకునేవాళ్ళు మా ఇళ్ళల్లోనే ఉన్నారు. రుచిలో తేడా ఎంతో గానీ, 'మా ఊరి సోడా' అన్న మాటకి మాత్రం ఆ సీసా నిజమైన ఆధారం.

ఆర్టోస్ కూడా గోలీ సోడాయేనా?

మనకి తెలిసిన ఆర్టోస్ రేకు మూత సీసాలో, తర్వాత ప్లాస్టిక్ సీసాలో వచ్చిన కూల్ డ్రింక్. అయినా దాని గురించి ఇక్కడ చెప్పాల్సిందే. గోదావరి డెల్టాలోని రామచంద్రపురంలో 1919లో మొదలైన వ్యాపారం అది. అద్దూరి వారి కుటుంబం నడిపింది. నూరేళ్ళు దాటిన తెలుగు వాళ్ళ డ్రింకు ఇంకా అమ్ముడవుతోందంటే, గోదావరి జిల్లాల వాళ్ళు దాన్ని పరాయిగా ఎన్నడూ చూడలేదన్నమాట. ఆ వైపు ఇంటికి వెళ్తే "కోక్ తాగుతావా" అనే ముందు "ఆర్టోస్ తెప్పించమంటావా" అంటారు.

ఆ కాలంలో ఇలాంటివి దేశంలో ఇంకా పుట్టాయి. తమిళనాడు విరుదునగర్‌లో 1916లో కాళీమార్క్, సూరత్‌లో 1923లో సోస్యో. ఊరి పేరుతో, కుటుంబం పేరుతో బతికిన డ్రింకులు ఇవి.

1977లో కోకాకోలా వెళ్ళిపోయాక మన సోడాలు బాగుపడ్డాయా?

ఆ ఖాళీలోకి ముందు దూకినవి థమ్సప్, క్యాంపాకోలా, ప్రభుత్వం తెచ్చిన డబుల్ సెవెన్. ఊరి సోడాలకీ కొంత ఊపిరాడింది. 1990లలో పెప్సీ వచ్చింది, 1993లో కోకాకోలా తిరిగొచ్చి పార్లే దగ్గర థమ్సప్‌ని కొనేసింది. ఊళ్ళలో ఫ్రిజ్‌లు, బోర్డులు వాళ్ళే ఉచితంగా పెట్టించడం మొదలుపెట్టాక, కిళ్ళీ కొట్టులో సోడా పెట్టెకి జాగా తగ్గిపోయింది.

'సోడాబుడ్డి కళ్ళద్దాలు' అనే మాట ఇక్కడి నుంచే వచ్చిందా?

అవును. బుడ్డి అంటే చిన్న సీసా. సోడాబుడ్డి అడుగు ఎంత మందంగా ఉంటుందో అంత మందం అద్దాలని ఆ మాట అర్థం. మందపాటి అద్దాలు పెట్టుకున్న పిల్లల్ని బడిలో అలా ఏడిపించేవారు. ఆ మాట పడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అప్పట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు సీసాలు ఏరుకుంటున్నప్పుడు అడుగు మందం వేలితో చూస్తుంటే, ఆ పేరు పెట్టినవాళ్ళు సీసాని ఎంత బాగా చూశారో తెలుస్తోంది.

పోట్లాటల్లో సోడా సీసాలు విసురుకునేవారట, నిజమేనా?

నిజమే. బ్రిటిష్ కాలపు అల్లర్ల వార్తల్లోనూ, తర్వాత మన ఎన్నికల గొడవల్లోనూ, సినిమా హాళ్ళ దగ్గరా ఇది జరిగింది. నిండు సీసాని బాగా కుదిపి విసిరితే పడ్డచోట గాజు పెంకులు ఎగిరి తగులుతాయి. గొడవ వాసన తగిలితే ముందు సోడా బండివాళ్ళే సీసాలు సర్దుకుని పారిపోయేవారు. దెబ్బలు వాళ్ళ సీసాలకీ పడతాయి, కేసు వాళ్ళ మీదికీ వస్తుంది.

ఏయే రుచులుండేవి?

సాదా సోడా అన్నిటికీ మూలం. దానికి నిమ్మరసం, ఉప్పు కలిపితే ఉప్పు సోడా, చక్కెర పాకం కలిపితే తీపి సోడా, రెండూ కలిపితే స్వీట్ సాల్ట్. రంగు, ఎసెన్సు వేసినవాటిని 'కలర్' అనేవారు. "కలర్ తాగుతావా" అంటే ఇప్పటి పిల్లలకి అర్థం కాదు గానీ, ఒక తరం దాకా కూల్ డ్రింక్‌కి అదే పేరు. రాయలసీమ వైపు నన్నారి. కొన్నిచోట్ల దాన్నే సుగంధి అంటారు. సుగంధపాల వేరుతో కాచిన పాకం అది. నిమ్మరసంతో, సోడాతో కలిపి తాగితే మండే ఎండ కూడా కొంచెం తగ్గినట్టే ఉంటుంది.

సినిమా హాలు ఇంటర్వెల్ గురించి చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. కుర్రాడు సీసాల పెట్టె చంకన పెట్టుకుని, ఓపెనర్‌ని సీసాల మీద ఈ చివర నుంచి ఆ చివరకి గీస్తూ వచ్చేవాడు. ఆ 'టింగుటింగు' విన్నాక అమ్మని అడగకుండా ఉండటం ఎవరి తరమూ కాదు.

సోడా తాగితే అన్నం అరుగుతుందా?

తేన్పు వస్తుంది, పొట్ట బిగువు కాస్త సడలినట్టనిపిస్తుంది. ఆ తేన్పులో వచ్చేది మనం తాగిన గ్యాసే. అజీర్తి తరచూ ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

జపాన్‌లో ఇలాంటి సీసాయే చూశాం. వాళ్ళది వేరేనా?

సీసా వంశం ఒకటే. అక్కడ రామునె అంటారు, ఆ పేరు లెమనేడ్ నుంచి వచ్చింది. 1884లో కోబేలో అలెగ్జాండర్ కామెరాన్ సిమ్ అనే స్కాట్లండు మందుల వ్యాపారి దాన్ని పరిచయం చేశాడు. వాళ్ళు గోలీ సీసాని పండగల, వేసవి గుర్తుగా కాపాడుకున్నారు. అమెరికాలో ఉంటున్న మనవాళ్ళు ఆసియా కొట్లలో రామునె చూసి "ఇది మన గోలీ సోడా కదా" అని ఫోటోలు పంపుతుంటారు. రెండూ కాడ్ సీసా పిల్లలే.

మరి మన ఊళ్ళల్లోంచి ఎందుకు మాయమైంది?

శుభ్రత మొదటి కారణం, అది న్యాయమైన కారణమే. నొక్కులున్న మెడలో బ్రష్ తిరగదు. గోలీ అడ్డం. వాషర్ కింద మురికి పేరుకుంటుంది. నీళ్ళు ఎక్కడివో కొట్టువాడికే తెలియాలి. కామెర్లు వస్తాయని భయపడి ఇళ్ళల్లో పిల్లల్ని తాగనిచ్చేవారు కాదు. ఆ భయం ఊరికే పుట్టలేదు.

రెండోది, కొత్త సీసాలు దొరకడం కష్టమైంది. గోలీ సీసాలు చేసే కార్ఖానాలు దేశంలో చాలా తక్కువ. పేరున్నది ఉత్తరప్రదేశ్ హాథ్రస్ జిల్లాలోని సాస్నీ. అక్కడి నుంచి ఇంత దూరం తెప్పించుకుంటే దారిలో పగిలేవి పగలగా మిగిలినవాటి ధర ఎక్కువే.

మూడోది ప్లాస్టిక్ సీసా. తిరిగి ఇచ్చే పని లేదు. బస్సులో తాగి కిటికీలోంచి పారేయొచ్చు. మన కాలవల గట్లు చూస్తే దాని ఫలితం కనిపిస్తుంది. ఒకే గాజు సీసా ఏళ్ళ తరబడి తిరిగిన ఊళ్ళో ఇప్పుడు రోజుకి ఎన్ని ప్లాస్టిక్ సీసాలు చెత్తలో పడుతున్నాయో చూస్తుంటే నాకు కడుపు మండుతుంది.

ఇప్పుడు గోలీ సోడా మళ్ళీ వచ్చింది కదా? అది అసలైనదేనా?

వచ్చింది, మంచిదే. కరీంనగర్ లాంటి చోట్ల చదువుకున్న కుర్రాళ్ళు శుద్ధిచేసిన నీళ్ళతో, లేబుల్ వేసి, రకరకాల రుచుల్లో తెస్తున్నారు. 2025 మార్చిలో కేంద్ర ప్రభుత్వ ఎగుమతుల సంస్థ అపెడా, 'గోలీ పాప్ సోడా' పేరుతో మన గోలీ సోడా అమెరికా, బ్రిటన్, యూరప్, గల్ఫ్ దేశాలకు వెళ్తోందని ప్రకటించింది. ఇంగ్లండులో పుట్టిన సీసా మన దగ్గర నూరేళ్ళకు పైగా బతికి, మన సోడాగా ఇంగ్లండుకే తిరిగి వెళ్తోంది.

ఒక్క విషయం మాత్రం గమనించండి. కొత్త సీసాలు చాలావరకు ఒకసారి తాగి పక్కన పడేసేవి. గోలీ ఉంది, చప్పుడు ఉంది, సీసా కొట్టుకి తిరిగి రావడం లేదు. కొనేటప్పుడు "ఖాళీ సీసా తీసుకుంటారా" అని అడిగి చూడండి. అడిగేవాళ్ళు పెరిగితే తీసుకునేవాళ్ళూ పెరుగుతారు.

నా దగ్గరున్న గోలీ సీసా పాతదో కొత్తదో ఎలా తెలుస్తుంది?

ముందు అతుకు గీత చూడండి. అచ్చులో పోసిన సీసాకి రెండు పక్కలా సన్నటి గీత ఉంటుంది. మూతిని చేత్తో పనిముట్టుతో తీర్చిన పాత సీసాలో ఆ గీత మెడ దగ్గర చెరిగిపోతుంది. మిషన్ సీసాలో మూతి అంచు దాకా సాగుతుంది.

తర్వాత గాజులోకి చూడండి. సన్నటి బుడగలు, కాస్త వంకర, ఒకవైపు మందం ఒకవైపు పలుచన, ఇవి పాతకాలపు చేతిపని గుర్తులు. కానీ వీటిని ఒక్కటే నమ్మకూడదు, ఇప్పటి ముతక గాజులో కూడా బుడగలుంటాయి.

అన్నిటికంటే మంచి సాక్ష్యం అరుగుదల. పెట్టెల్లో పక్కపక్కనే రాసుకుంటూ తిరిగిన సీసాకి భుజాల దగ్గర, అడుగు అంచున గాజు నలిగి తెల్లటి పట్టీలా ఉంటుంది. దాన్ని నకలు చేయడం కష్టం. ఇసుక కాగితంతో గీకితే గీతలన్నీ ఒకే దిక్కున ఉంటాయి.

ఉబ్బెత్తు అక్షరాలుంటే అదృష్టమే. కంపెనీ పేరు, ఊరు, వ్యాపార గుర్తు గాజులోనే పోతపోసి ఉంటాయి. సీసా దారి తప్పితే ఎవరిదో తెలియడానికి అలా వేయించేవారు. ముదురు నీలం గాజు కాడ్ సీసాలు అరుదు, విదేశాల్లో వాటికి చాలా గిరాకీ.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు జాగ్రత్త. మన దగ్గర ఈమధ్య తయారైన సీసాల్నే నూటయాభై ఏళ్ళనాటివని విదేశాల్లో అమ్ముతుంటారు. నేనూ ఒకసారి మోసపోయాను. పార్శిల్ విప్పి అడుగు చూస్తే ఒక్క గీత లేదు. గోలీ నిగనిగలాడుతోంది. అమ్మినవాడు వెనక్కి తీసుకోలేదు. ఆ సీసా ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, కొత్తది ఎలా ఉంటుందో చూపించడానికి పనికొస్తోంది.

మా తాతగారి కొట్టులోవి కొన్ని సీసాలు అటక మీద ఉన్నాయి. ఏం చేయాలి?

ముందు వాటిని పాతసామాన్లవాడికి కిలోల లెక్కన వేయకండి. రెండోది, వాటిలో మళ్ళీ గ్యాస్ ఎక్కించే ప్రయత్నం చేయకండి. పాత గాజులో కంటికి కనిపించని పగుళ్ళుంటాయి.

కడగడానికి గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం సబ్బు చాలు. మరిగే నీళ్ళు పోస్తే పగలొచ్చు. బోరు నీళ్ళ సున్నం తెల్లగా గారకట్టి ఉంటే వెనిగర్ పోసి ఒక రాత్రి ఉంచండి, చాలావరకు వదులుతుంది. బాత్రూముకి వాడే యాసిడ్ వద్దు. వాషర్ ఎండి పెళుసైపోయి ఉంటుంది. దాన్ని పుల్లతో పెకలించకుండా అలాగే వదిలేయండి, అదీ సీసాలో భాగమే.

అన్నిటికంటే తొందరగా చేయాల్సిన పని వేరే ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడగండి. కొట్టు ఏ వీధిలో ఉండేది, మిషన్ ఎక్కడ కొన్నారు, నీళ్ళు ఏ బావివి, సోడా ఎంతకి అమ్మేవారు, సీసాలు ఎంత దూరం వెళ్ళేవి, మానేసింది ఎప్పుడు. ఆ జవాబులు ఎక్కడా అచ్చయి ఉండవు. చిన్న కాగితం మీద రాసి, కవరులో పెట్టి, సీసా మెడకి దారంతో కట్టండి. కాగితాన్ని సీసా లోపల మాత్రం వేయకండి. తడి మిగిలి ఉంటే సిరా చెదిరిపోతుంది, గోలీ అడ్డుండి మళ్ళీ బయటికి తీయలేరు.